ఖండనమును దూషణమును

ఇంగ్లీషులోని ‘పొలెమిక్’ అను మాటకు మూలము యుద్ధమను అర్థము గల గ్రీకు పదము. కలముతో సాగించు కయ్యమని దాని భావము. తెలుగున దానికి సరియగు మాట యేది?

మనకు ఈ విషయమున మాటల కఱవు లేదు. గౌతముని న్యాయసూత్రములు చర్చను మూడు తెఱగులుగా విభజించినవి. తత్త్వనిర్ణయమునకై చేయునది వాదము. గెలుపే గుఱిగా చేయునది జల్పము. తన పక్షము నేమియు స్థాపింపక యెదుటి పక్షమును పడగొట్టునది వితండ. కడపటి రెంటిని ఆ శాస్త్రము బొత్తుగా త్రోసివేయలేదు. మొలకకు ముళ్లకంచెవలె సత్యరక్షణమున కవి పనికివచ్చునన్నది. నేడు మనకు వితండవాదమనగా మొండివాదమే. ‘దూషణము’ గతి యింకను చిత్రము. శాస్త్రమున దూషణమనగా ప్రతిపక్షి హేతువునందలి దోషమును చూపుట, వాడుకలో తిట్టు. దోషము వాదమును విడిచి వాదించువానిపై బడినది.

కావున ‘ఖండనము’ అను మాటయే తగియున్నదని నా యభిప్రాయము. ఖండింపబోవువాడు ముందుగా పూర్వపక్షమును ఉన్నదున్నట్లు చెప్పవలెను. న్యాయస్థానముల పద్ధతియు నిట్టిదే. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము ప్రతివాది, వాది చెప్పిన సంగతుల నొక్కొక్కదానిని విడివిడిగా కాదనవలెను. కాదననిది ఒప్పుకొన్నట్లు ఎంచబడును. వాది దుర్మార్గుడని పది పుటలు వ్రాసినను, నోటుపై సంతకము తనది కాదని చెప్పనివానికి ఫలమేమి?

1936లో ఒరిస్సాలో చేరిన పర్లాకిమిడి మనకొక నిదర్శనమును చూపుచున్నది. అచట ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తిపంతులుగారు వ్యావహారిక భాషకై పోరాడిరి. జయంతి రామయ్యపంతులుగారు గ్రాంథికము పక్షమున నిలిచిరి. 1913లో ఇరువురును తమ వాదములను పుస్తకములుగా ప్రకటించిరి. తెలుగును గూర్చిన యా రెండు పుస్తకములును ఇంగ్లీషులో నుండుట గమనింపదగినది! ఆ పోరున పరుషోక్తులు లేకపోలేదు. గిడుగువారు తమ గ్రంథమొకదానికి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము’ అని పేరిడిరి. భేషజమనగా మందు, తెలుగు వాడుకలో బడాయి. కాని వారి బలము ఆ యెత్తిపొడుపున లేదు. పూర్వగ్రంథముల ప్రయోగములను వెదకి, గ్రాంథికవాదుల రచనలలోనే వారి నియమములు తప్పిన తావులను పట్టి చూపుటలో నున్నది. 1940లో గిడుగువారు గతించిరి. నేడు తెలుగు దినపత్రికలు వ్యావహారికమున వెలువడుచున్నవి. ఇట్లు గ్రాంథికచ్ఛాయలో వ్రాయు నావంటివాడు సయితము ఆ గెలుపు తిట్టువలన గాక నిదర్శనమువలన కలిగినదని యొప్పుకొనక తప్పదు.

తీవ్రతను నేను నిందింపను. అన్యాయమును చూచి మెత్తగా మాటలాడుట మర్యాద కాదు, పిఱికితనము. అయితే తిట్టునకు వెఱచి యోగ్యుడొకడు కలము క్రింద పెట్టినచో నష్టపడువాడు అతడొక్కడే కాదు. రెండవ పక్షమును వినజాలని పాఠకుడును నష్టపడును. ఖండనమునకు పరీక్ష యొక్కటే: దానిని చదివి ముగించిన పాఠకుడు, ఖండింపబడినవాని వాదమేమో చెప్పగలుగవలెను. అట్లు చెప్పజాలనిచో అది ఖండనము కాదు, వట్టి దూషణము.