అమ్మాయిని నర్సింగులో చేర్చే ముందు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా ప్రత్తిపాడులో ఏ అరుగు మీద చూసినా పిల్లల చదువుల మాటే. ఎవరైనా "మా అమ్మాయిని నర్సింగుకి పంపుదామనుకుంటున్నాం" అన్నారా, "రాత్రి డ్యూటీలు, రక్తం, చీము... ఆడపిల్లకి అదేం చదువమ్మా! రేపు సంబంధాలు రావొద్దూ?" అనేవాళ్ళు నలుగురు తయారు. మీ ఊళ్ళోనూ ఇంతేకదూ? ఆ మాట అనేముందు మన గుంటూరు సంగతి కాస్త తెలుసుకోండి.

1883లో అన్నా సారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. మిషన్ వాళ్ళు మొదట ఆవిడకి వైద్యం పని అప్పగించనే లేదు. అయినా రోగులు రావడం మానలేదు, ఆవిడ చూడటం మానలేదు. మగ డాక్టరు చేత నాడి చూపించుకోవడానికి కూడా ఒప్పుకోని ఇళ్ళు ఎన్నో ఉన్న రోజులవి. 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. తర్వాత దానికి ఆవిడ పేరే వచ్చింది.

డాక్టరమ్మ చూసి, మందు రాసి వెళ్తుంది. తెల్లవార్లూ జ్వరం చూసేది, కట్లు మార్చేది, బాలింత పక్కన కూర్చుని రక్తస్రావం ఆగిందో లేదో కనిపెట్టేది ఎవరు? అందరినీ అమెరికా నుంచి తేలేరు కదా! ఆవిడతో పనిచేసిన నర్సు కేథరీన్ ఫాస్ ఇక్కడి ఆడపిల్లలకే ఆ పని నేర్పారు. మిషన్ ఆసుపత్రుల్లో తొలిరోజుల్లో చేరినవాళ్ళు ఎక్కువగా పేద క్రైస్తవ కుటుంబాల పిల్లలు. గడప లోపలికి రానివ్వని చేతులే పురిటి బిడ్డల్ని అందుకున్నాయి.

1920లో ఆస్ట్రేలియా నుంచి మేరీ గ్లోరీ అనే డాక్టరు గుంటూరు వచ్చి, జె.ఎం.జె. సభలో సిస్టరుగా చేరారు. అప్పట్లో కతోలిక సిస్టర్లు వైద్యవృత్తి చేయకూడదు. ఆవిడకు పోప్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. సిస్టర్లు పురుళ్ళు పోయవచ్చని రోమ్ అందరికీ వర్తించేలా ఒప్పుకుంది 1936లోనే. సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిలో ఆవిడ మన ఆడవాళ్ళకే కాంపౌండరు పని, మంత్రసాని పని, నర్సు పని నేర్పించారు. 1943లో ఆవిడ ప్రారంభించిన కతోలిక ఆసుపత్రుల సంఘానికి ఇప్పుడు సికిందరాబాదే కేంద్రం.

మంచం పక్కన నేర్చే చదువు

ఈ ఆసుపత్రులు నేర్పిన పద్ధతిలో గొప్పతనమంతా ఒక్కటే. పాఠం పుస్తకంలో మొదలైనా పూర్తయ్యేది రోగి మంచం దగ్గర. చేతులు ఎలా కడుక్కోవాలి, కదల్లేని మనిషికి పుండ్లు పడకుండా ఎన్ని గంటలకోసారి ఒత్తిగిలించాలి అన్నవి చేస్తేనే వస్తాయి. మనది పత్తి, మిరప పండే నేల. పురుగుమందు ఒంటిన పడ్డ మనిషిని తీసుకొస్తే వెంటనే బట్టలు తీసేసి ఒళ్ళు కడగాలి. డాక్టరు చెప్పిన అట్రోపిన్ ఇస్తూ కంటిపాప, నాడి, ఊపిరి కనిపెట్టి ఉండాలి. నర్సు రెప్ప వాల్చిందంటే ఓ ఇంటి దీపం ఆరిపోవచ్చు.

ఇవి అడగండి

బై.పి.సి. చదివిన పిల్లకి బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు. జి.ఎన్.ఎం. మూడేళ్ళు, ఏ.ఎన్.ఎం. రెండేళ్ళు. ఈ రెంటికీ వేరే గ్రూపుల వాళ్ళూ చేరొచ్చు. చర్చి వాళ్ళదైనా మరొకరిదైనా, చేర్చేముందు ఇవి చూసుకోండి.

* నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? ఈ ఏడాదికి ఉందా అని అడగండి.

* కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా? వార్డులోకి వెళ్ళి చూడండి. మంచాలుంటే చాలదు, మంచాల మీద రోగులూ ఉండాలి.

* హాస్టలు నుంచి రాత్రి డ్యూటీకి పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు?

* బాండు రాయమంటే మొత్తం చదివాకే సంతకం పెట్టండి. అసలు సర్టిఫికెట్లు ఎన్నాళ్ళు ఉంచుకుంటారో కనుక్కోండి.

ఒక్క మాట దాచకూడదు. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో కొత్త నర్సులకిచ్చే జీతం చాకిరీకి తగ్గట్టు ఉండదు. అది తెలిసే పంపండి. కానీ పరువు తక్కువని మాత్రం ఆపకండి. మన అత్తగారికి రాత్రి రెండింటికి సెలైన్ సీసా మార్చడానికి ఎవరింటి పిల్లో కావాలి గాని, మన పిల్ల మాత్రం ఆ పని చేయకూడదంటే ఏం న్యాయం, మీరే చెప్పండి!