పాత బుల్లెట్ ఇంజనులో ఆయిలు లీకు

పాత బుల్లెట్ ఇంజనులో ఆయిలు లీకు అనగా పోత ఇనుప సిలిండరు గల రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మోటారు సైకిలు ఇంజను నుండి కందెనగా వాడే ఆయిలు అతుకుల ద్వారా, గొట్టాల ద్వారా బయటకు కారడం. ఈ బండ్లలో ఇది ఎంత సాధారణమంటే, ఆయిలు కారకపోతే లోపల ఆయిలు లేనట్లేనని బుల్లెట్ యజమానులు హాస్యమాడుతుంటారు. అయితే కారే ఆయిలు వెనుక టైరుపై పడితే మలుపులో బండి జారిపోయే ప్రమాదం ఉన్నది. ఆయిలు మట్టం తగ్గినది గమనించక నడిపితే క్రాంకు బేరింగు పాడవుతుంది. కనుక లీకు ఎక్కడిదో, ఎందుకు వచ్చినదో తెలుసుకోవడం అవసరం.

ఇంజను నిర్మాణం

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో రూపొందిన ఈ బండిని 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ మద్రాసు వద్ద తిరువొత్తియూరులో తయారు చేసింది. 350 నమూనాలో సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 346 సీసీ. ఇంజను, గేరుబాక్సు, ప్రైమరీ చైన్ కేసు మూడూ వేర్వేరు గదులు. ఒక్కొక్క దానిలో ఒక్కొక్క కందెన ఉంటుంది. లీకును గుర్తించడంలో ఈ విషయం ఎంతో ఉపకరిస్తుంది.

ఇంజను ఆయిలు క్రాంకు వెనుక భాగాన, క్రాంక్ కేసుతో కలిపి పోత పోసిన తొట్టిలో ఉంటుంది. టైమింగ్ వైపున రెండు చిన్న పంపులు ఉంటాయి. ఒకటి ఆయిలును తొట్టి నుండి క్రాంకుకు పంపుతుంది, రెండవది క్రాంక్ కేసు అడుగున చేరిన ఆయిలును తిరిగి తోడుతుంది. ఇంజను పైభాగంలోని రాకర్లకు బయటి సన్నని గొట్టం ద్వారా ఆయిలు చేరుతుంది.

లీకును గుర్తించడం

చుక్క పడిన చోటే లీకు ఉన్నదనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆయిలు పైన బయటపడి, సిలిండరు రెక్కల వెంట జారి, నడుస్తున్న బండికి తగిలే గాలికి వెనుకకు కొట్టుకుపోయి, చివరకు అడుగున ఏదో ఒక బోల్టు తలపై చుక్కగా నిలుస్తుంది. ఆ బోల్టును ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు.

ముందుగా ఇంజనును కిరోసినుతో కడిగి, గుడ్డతో పూర్తిగా ఆరేటట్లు తుడవాలి. జిడ్డు మిగిలితే తరువాతి పరీక్ష అంతా వృథా. అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు పలుచగా చల్లి, బండిని కొద్ది దూరం నడిపి, వెలుతురులో పైనుండి కిందికి చూస్తూ రావాలి. పౌడరు తడిసిన చోట్లలో అన్నింటికంటే పైన, అన్నింటికంటే ముందున ఉన్నదే లీకు మూలం. నడిపినప్పుడు పొడిగా ఉండి రాత్రి నిలిపిన తరువాత మాత్రమే కారితే, అది ఒత్తిడి వలన గాక మట్టం వలన కారుతున్నదని గ్రహించాలి.

చుక్క రంగు, చిక్కదనం కూడా ఆధారాలే. పలుచని నల్లని ఆయిలు ఇంజనుది. గ్రీజువలె చిక్కగా ఉంటే గేరుబాక్సుది కావచ్చు. ప్రైమరీ కేసులో కొందరు ఎర్రని ఏటీఎఫ్ ద్రవం పోస్తారు, అటువంటి బండిలో ఎర్రచుక్క పడితే వెతకవలసిన పని తక్కువ. వెనుక చైనుకు రాసిన ఆయిలు చిట్లి రిమ్ముపై పడడాన్ని ఇంజను లీకుగా భావించి ఇంజను విప్పించుకున్నవారూ లేకపోలేదు.

బ్రీదరు

గాస్కెట్లు మార్చిన కొద్ది రోజులకే మళ్ళీ కారడం మొదలైతే, దోషం తరచుగా గాస్కెట్లది కాదు. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారి క్రాంక్ కేసులోని గాలి నొక్కుకుపోతుంది. ఆ గాలి బయటకు పోవడానికి బ్రీదరు గొట్టం, దాని చివర బాతుముక్కు ఆకారపు రబ్బరు కవాటం ఉంటాయి. గాలి బయటకు పోతుంది గాని లోనికి రాదు, కనుక లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే కొంత తక్కువగా నిలిచి ఆయిలును లోపలే ఉంచుతుంది. రబ్బరు ఎండి గట్టిపడినా, గొట్టం మడతపడినా, మురికితో పూడుకున్నా ఆ ఒత్తిడి బలహీనమైన అతుకులను వెతుక్కుంటుంది. ఒక అతుకును మూస్తే మరొక చోట చెమర్చడం మొదలవుతుంది. పిస్టన్ రింగులు అరిగినప్పుడు కూడా మండిన వాయువు కిందికి దిగి ఇదే పరిస్థితిని కలిగిస్తుంది. అప్పుడు సైలెన్సరు నుండి నీలిపొగ కూడా కనబడవచ్చు. రబ్బరు కవాటం మార్చడం చాలా చవకైన పని, కనుక గాస్కెట్లకు ముందే దానిని చూడడం మేలు.

బ్రీదరు నుండి ఆయిలు ధారగా వస్తే మరొక కారణం ఉన్నది. బండి చాలా రోజులు నిలిచి ఉంటే తొట్టిలోని ఆయిలు అరిగిన పంపు గుండా మెల్లగా క్రాంక్ కేసులోనికి దిగుతుంది. అప్పుడు కొలపుల్ల మట్టం తక్కువ చూపుతుంది. అది చూసి ఆయిలు పోస్తే, ఇంజను నడవగానే కిందికి దిగిన ఆయిలు కూడా తొట్టికి చేరి, ఎక్కువైనది బ్రీదరు గుండా బయటపడుతుంది. ఇక్కడ లీకును కల్పించినది పోసినవారే. ఇంజనును కొన్ని నిమిషాలు నడిపి ఆపిన తరువాతనే మట్టం చూడాలి.

ప్రైమరీ చైన్ కేసు

ఎడమవైపు ఉండే ఈ కేసు బయటి మూత మధ్యలో ఒకే ఒక నట్టుతో నిలుస్తుంది. అంచు చుట్టూ గాడిలో రబ్బరు సీలు ఉంటుంది. అంచు వద్ద కారుతున్నదని మధ్య నట్టును మరింత బిగిస్తే మూత మధ్యలో లోనికి వంగి, అంచు పైకి లేచి, లీకు పెరుగుతుంది. పాత రబ్బరు తీసి, గాడిని శుభ్రపరచి, కొత్తది మెలిపడకుండా అమర్చి, మితంగా బిగిస్తే చాలును. నట్టు కింది వాషరు కూడా మార్చాలి. కేసులో ఆయిలు తగ్గవలసింది పోయి పెరుగుతూ ఉంటే, క్రాంకు వద్దనున్న ఆయిలు సీలు అరిగి ఇంజను ఆయిలు ఇటు వస్తున్నదని అర్థం. మూత ఎన్నిసార్లు మార్చినా ఆ లీకు ఆగదు.

టైమింగ్ కవరు

కుడివైపున ఉండే ఈ కవరు మరమ్మత్తులో అత్యంత జాగ్రత్త అవసరం. పంపుల ఆయిలు దారులు ఈ కవరు గుండానే, గాస్కెట్ రంధ్రాల గుండానే పోతాయి. రంధ్రాలు సరిపోని గాస్కెట్ వేసినా, సిలికాన్ పేస్టును దట్టంగా పూసినా, అదనపు పేస్టు లోనికి పిండబడి ఆయిలు దారిని మూసివేయవచ్చు. బయట చుక్క పడదు, లోపల బేరింగుకు ఆయిలు అందదు. కారే ఇంజను కంటే ఇది ప్రమాదకరం.

కవరును స్క్రూడ్రైవరుతో పెకలించరాదు. అల్యూమినియంపై పడిన గీతే తరువాత లీకు అవుతుంది. స్క్రూలు తీసి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టాలి. స్క్రూల పొడవులు వేర్వేరు కనుక ఏది ఎక్కడిదో అట్టముక్కపై గుచ్చి ఉంచుకోవడం మెకానిక్కుల అలవాటు. మరలు అరిగిన రంధ్రంలో హెలికాయిల్ వేయించాలి. తిరిగి బిగించేటప్పుడు ఎదురెదురు స్క్రూలను కొద్దికొద్దిగా బిగించాలి. ఫిల్టరు గదిని ఆయిలుతో నింపిన తరువాతనే ఇంజను నడపాలి. నడిపిన వెంటనే రాకరు గొట్టపు బోల్టును కొద్దిగా వదులు చేసి, అక్కడికి ఆయిలు చేరుతున్నదీ లేనిదీ చూసుకోవాలి.

ఇతర చోట్లు

సిలిండరు పక్కనున్న టాపెట్ మూత, రాకరు మూతలు, రాకరు గొట్టపు వాషర్లు కూడా కారుతుంటాయి. రాగి వాషరును ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడి మళ్ళీ పనికివస్తుంది. టాపెట్ మూత కూడా ఒకే నట్టుతో నిలిచేదే కనుక అతిగా బిగించరాదు.