ఎముక పెరిగే చోటు

కాలు వంకరపోవడమనగానే నల్గొండ సీమవారికి ముందుగా స్ఫురించేది ఫ్లోరైడు నీరు. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల ప్రజలు దీర్ఘకాలం పడిన బాధ అటువంటిది. అయితే సూర్యాపేటలోగాని, కోదాడలోగాని, మిర్యాలగూడలోగాని తల్లిదండ్రులందరూ తెలిసికొనదగిన కారణం మరొకటి ఉన్నది. చెట్టు మీదనుండియో, సైకిలు మీదనుండియో పడిన పిల్లవానికి ఎముక పెరిగే చోటనే దెబ్బ తగిలితే, నొప్పి తగ్గిన ఎన్నో నెలలకు ఆ కాలు మెల్లగా వంగవచ్చును.

పిల్లల పొడవాటి ఎముక నడుమ సాగి పెరగదు. దాని కొనలకు చేరువలో మృదులాస్థితో, అనగా మెత్తటి ఎముకతో ఏర్పడిన పలుచని పొర ఉంటుంది. ఇదే ఎదుగుదల పలక. అందులోని కణాలు నాణేల దొంతరలవలె వరుసలు తీరి, విభజన చెంది, ఉబ్బి, తుదకు గట్టి ఎముకకు చోటిస్తాయి. తొడ ఎముక పొడవులో సుమారు 70 శాతం మోకాలి వైపు పలక నుండియే వస్తుంది. బాలికలకు సుమారు 14, 15 ఏండ్లకు, బాలురకు 16, 17 ఏండ్లకు ఈ పలకలు ఎముకగా మారిపోతాయి. అంతటితో పొడవు పెరగడం ఆగిపోతుంది.

కీలును బిగించి పట్టే స్నాయువులకంటె ఈ పలక బలహీనమైనది. అందుచేత పెద్దలకు బెణుకుతో పోయే దెబ్బ పిల్లలకు పలక విరగడం కావచ్చును. 1963లో కెనడా వైద్యులు సాల్టర్, హారిస్ ఈ గాయాలను ఐదు తరగతులుగా విభజించారు. వీటిలో పెక్కు గాయాలు సకాలంలో సరిచేస్తే మానిపోతాయి. పలక అడ్డంగా చీలినా, నలిగినా మాత్రం చిక్కు వస్తుంది. గాయమైనచోట మృదులాస్థికి బదులు గట్టి ఎముక వంతెనవలె ఏర్పడుతుంది. ఒక ప్రక్క పెరుగుదల ఆగి, రెండవ ప్రక్క సాగుతుంది. ఒకవైపు తాడు బిగించి కట్టిన లేత మొక్క ఎట్లు వంగునో, కాలును అట్లే వంగుతుంది.

వంతెన చిన్నదైతే దానిని తొలగించి, ఆ చోట కొవ్వును నింపే శస్త్రచికిత్సను ఫిన్లండు వైద్యుడు లాంగెన్‌షోల్డ్ 1967లో వివరించాడు. ఇది నేటికీ వాడుకలో ఉన్నది. కాని పోయిన పలకను మరల మొలిపించలేమా? మూలకణాలపై ఆశ ఇక్కడనే పుట్టింది. ఎముకను పుట్టించగల కణాలు మూలుగలో ఉన్నవని 1960లలో సోవియట్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడెన్‌స్టెయిన్ చూపాడు. పలకలోనే మూలకణాలున్నవని 2018లో చిట్టెలుకలపై జరిగిన పరిశోధన వెల్లడించింది. గాయపడిన పలకలో మూలకణాలను అమర్చగా కుందేళ్లలో వంకర తగ్గినట్లు కొన్ని ప్రయోగాలు తెలిపాయి. గొర్రెలలో మాత్రం అవి పలకను తిరిగి నిర్మించలేకపోయాయి. కారణం ఊహింపదగినదే. అమర్చిన కణాలు మృదులాస్థిగా మారితే చాలదు. వరుస తప్పక, ఒకే దిక్కుగా, ఏండ్ల తరబడి పెరిగి, యుక్తవయసులో ఆగిపోవలెను. అవే గట్టి ఎముకగా మారితే, తొలగింపదలచిన వంతెనయే మరల ఏర్పడుతుంది.

కనుక పిల్లల పలకకు మూలకణ చికిత్స నేటికీ పరిశోధనలోని విషయమే. రక్తవ్యాధులకు చేసే మూలుగ మార్పిడి వంటి స్థిరపడిన చికిత్సలు తప్ప, తక్కినవి అనుమతి పొందిన ప్రయోగాలలోనే జరగవలెనని భారత వైద్య పరిశోధనా మండలి, బయోటెక్నాలజీ శాఖ 2017లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. బిడ్డ కాలు చూసి కలతపడే తల్లిదండ్రులు పొలమమ్మి సొమ్ము చెల్లించడానికి ముందు, ఇది అనుమతి గల ప్రయోగమేనా అని అడగడం వారి హక్కు.

పలకను కాపాడుకొనే మార్గం మాత్రం నేడే మన చేతిలో ఉన్నది. రాయలసీమలోని పుత్తూరు కట్టుకు మన నాట ఎంతో పేరున్నది. కాని ఎంత నేర్పుగల చేయి అయినా లోపలి పలకను చూడలేదు. కీలువద్ద వాపుండి, పిల్లవాడు కాలు మోపలేకపోతే ఎక్స్‌రే తీయించవలెను. మృదులాస్థి అందులో కనబడదు గనుక, చిత్రం బాగున్నదన్నా డాక్టరు రమ్మన్న రోజున మరల చూపించవలెను. సూర్యాపేటలోను, నల్గొండలోను 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నవి. క్లిష్టమైన గాయాలకు హైదరాబాదులోని నిమ్స్ ఉన్నది. 1964లో అది నిజాం ఎముకల ఆసుపత్రిగానే ఆరంభమైంది. కట్టు విప్పగానే పని ముగిసినదని తలచరాదు. కనీసం ఏడాదిపాటు రెండు కాళ్లను ప్రక్కప్రక్కన పెట్టి పొడవు, వంకర పోల్చి చూస్తుండవలెను. తేడాను తొలిదశలో గుర్తిస్తే చేయదగిన చికిత్సలు పెక్కు ఉన్నవి.