అతిథులకు రొయ్యల సేమ్యా

నాగావళీ నది మన రాయగడ ప్రక్కగా ప్రవహించి, శ్రీకాకుళము దాటి బంగాళాఖాతమున కలియును. నీరు ఆ దారిని సముద్రమునకు పోవుచుండగా, సముద్రపు రొయ్యలు ఎదురుదారిని మన సంతలకు వచ్చుచున్నవి. 1931లో విజయనగరము, రాయపూరుల నడుమ రైలుమార్గము పూర్తియైన పిదప కోస్తా సరకులు మన కొండలకు చేరుట సులభమైనది. ఒడియా సోదరులు చింగుడి యనునదియే మన రొయ్య.

బంధువులు వచ్చినపుడు రొయ్యలతో చేయదగిన వంటకమొకటి రొయ్యల సేమ్యా. సేమ్యా యనగానే మనకు పాయసము జ్ఞప్తికి వచ్చును. కాని యది గోధుమతో చేసిన తీగ. ఇటలీ దేశీయులు ఒకవిధమైన గోధుమ తీగలను వర్మిసెల్లి యందురు. ఆ మాటకు చిన్నపురుగులని అర్థము. వారు గోధుమ తీగలను చేపలతోను, రొయ్యలతోను గూడ వండుకొందురు.

సముద్రమునకు దూరముగా నున్నవారు రుచికంటె ముందు తాజాదనమును చూడవలెను. మంచి రొయ్యకు పెంకు గట్టిగా నుండును. తల దేహమునకు అంటియుండును. ఘాటైన దుర్వాసన యుండదు. మంచుగడ్డలలో పెట్టని రొయ్యలను ఎంత చౌకయైనను కొనరాదు. చెడిన పదార్థమున పుట్టిన కొన్ని విషములు ఉడికించినను నశింపవు. మసాలా వాసనను కప్పునే గాని దోషమును పోగొట్టజాలదు.

ఆరుగురికి ఒలిచిన రొయ్యలు 500 గ్రాములు, సేమ్యా 400 గ్రాములు, ఉల్లిపాయలు 2, టమాటాలు 3, పచ్చిమిరపకాయలు 4, అల్లము వెల్లుల్లి ముద్ద 2 చెంచాలు, కరివేపాకు, పసుపు, కారము, ఉప్పు, నూనె కావలెను.

రొయ్య వీపు వెంబడి నుండు నల్లని ప్రేగును తీసి, కడిగి, పసుపు, ఉప్పు పట్టించి చల్లనిచోట నుంచవలెను. సేమ్యాను దోరగా వేయించి, మరుగుచున్న ఉప్పునీటిలో 2 లేక 3 నిమిషములు ఉడికించి, చిల్లుల గిన్నెలో వార్చి, చన్నీళ్లు పోయవలెను. అపుడది ముద్దకట్టదు. మూకుడులో నూనె కాచి కరివేపాకు, ఉల్లి, మిర్చి, అల్లము వెల్లుల్లి, టమాటా, కారము క్రమముగా వేసి మగ్గింపవలెను. ఇంతవరకు అతిథులు రాకమునుపే చేసికొనవచ్చును.

రొయ్యలను మాత్రము వారు వచ్చిన పిదపనే మూకుడులో వేయవలెను. రొయ్యయందొక ఎఱ్ఱని వర్ణపదార్థము మాంసకృత్తులతో బంధింపబడి యుండును. వేడికి ఆ బంధము విడివడి ఎఱుపు బయటపడును. రొయ్య అంతటను రంగుమారి, లోపల పచ్చిదనము పోవుటకు 3 లేక 4 నిమిషములు చాలును. అంతకు మించినచో మాంసకృత్తులు ముడుచుకొని నీటిని విడిచివేయును. రొయ్య రబ్బరువలె సాగును. వెంటనే సేమ్యాను కలిపి, ఉప్పు చూచి దింపవలెను.

కొందరి శరీరమునకు రొయ్య పడదు. దద్దురులు, ఊపిరాడకపోవుట వంటి ఆపద కలుగవచ్చును. కావున పిలుచునాడే అడిగి, అట్టివారికి వేరు పాత్రలో వేరుగా వండవలెను. పిల్లలు రొయ్యలు ఒలుచుట, ఉల్లి తరుగుట నేర్చుకొనవచ్చును. మరుగునీటిని వార్చుపని పెద్దలదే. మిగిలినదానిని రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టవలెను. అట్లు చేయ వీలులేనిచో, అతిథుల సంఖ్యకు సరిపడునంతయే వండుట మేలు.