పది రోజుల ముందు తెలిసే ఊరు

రైల్వే పరీక్షలు దగ్గరపడ్డాయంటే దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో, రీడింగ్ రూముల్లో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "నీకు సెంటర్ ఎక్కడ పడింది?" కొందరికి హైదరాబాద్ పడుతుంది, కొందరికి వరంగల్ పడుతుంది. ఇంకొందరికి ఫోన్‌లో కనిపించిన ఊరు ఏ రాష్ట్రంలో ఉందో మ్యాపులో వెతుక్కోవాల్సి వస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చి చైతన్యపురి, కొత్తపేట సందుల్లో షేరింగ్ గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు వీళ్లు. రాష్ట్రం దాటి ఒంటరిగా రైలెక్కడం వీళ్లలో చాలామందికి అదే మొదటిసారి.

కష్టం దూరంతో మొదలవదు, తేదీలతో మొదలవుతుంది. పరీక్ష ఏ ఊళ్లో, ఏ రోజన్నది రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు సాధారణంగా పది రోజుల ముందు చెబుతాయి. కేంద్రం చిరునామా ఉండే ఈ-కాల్ లెటర్ నాలుగు రోజుల ముందుగానీ రాదు. అదే రైల్వే టికెట్ల రిజర్వేషన్ మాత్రం 60 రోజుల ముందే తెరుస్తుంది. 2024 నవంబరు 1కి ముందైతే ఆ గడువు 120 రోజులు. అభ్యర్థికి ఊరి పేరు తెలిసేసరికి ఆ దారిలో నడిచే రైళ్లలో స్లీపర్ బెర్తులు నిండి, వెయిటింగ్ లిస్ట్ నడుస్తుంటుంది. ఇక మిగిలేది తత్కాల్. రైలు బయల్దేరే ముందురోజు ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు అది తెరుచుకుంటుంది. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ కూడా కావాలి. హాస్టల్ వైఫై మీద ఆధారపడి ఆ కొద్ది నిమిషాల్లో టికెట్ పట్టడం అంత తేలిక కాదు. అదీ దొరక్కపోతే జనరల్ బోగీయే గతి. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే ఉన్న ఈ-టికెట్ దానంతటదే రద్దయిపోతుంది కాబట్టి దాన్ని నమ్ముకుని స్లీపర్ ఎక్కకూడదు.

ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు బోర్డు స్లీపర్ తరగతిలో ఉచిత ప్రయాణ పత్రం ఇస్తుంది. అదీ వచ్చేది ఊరి పేరుతో పాటే. పాసు చేతిలో ఉన్నంత మాత్రాన బెర్తు దొరికినట్టు కాదు.

దూరపు సెంటర్ల గోల కొత్తదేమీ కాదు. 2018 ఆగస్టు 9న అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పరీక్షలు మొదలైనప్పుడు తెలుగు అభ్యర్థులు ఉత్తరాదికి, బీహార్, ఉత్తరప్రదేశ్ అభ్యర్థులు దక్షిణాదికి వెళ్లాల్సి వచ్చి దేశమంతా గగ్గోలు పుట్టింది. ఆ నోటిఫికేషన్‌కు దరఖాస్తు చేసినవాళ్లు 47 లక్షలకు పైనే. 2022 మే 9, 10 తేదీల్లో జరిగిన నాన్-టెక్నికల్ పాపులర్ కేటగిరీల (ఎన్టీపీసీ) రెండో దశ పరీక్షలోనూ అదే జరిగింది. వేర్వేరు షిఫ్టుల మార్కులను సరిచేసే నార్మలైజేషన్ మీద అభ్యర్థుల్లో అనుమానాలున్నాయని, ఒక్కో జీత స్థాయికి ఒకే షిఫ్టులో పరీక్ష పెట్టారు. ఒకేసారి అంతమందికి కంప్యూటర్లు ఉన్నచోట చాలక, సీట్లున్న ఊళ్లకు పంపారు. అప్పుడు రైల్వే 65కు పైగా పరీక్ష ప్రత్యేక రైళ్లు నడిపింది. తలచుకుంటే చేయగలరని అప్పుడే తేలింది.

ఢిల్లీ వైపు సెంటర్ పడిన కుర్రాడి దారి చూద్దాం. ఎల్‌బీ నగర్ నుంచి నాంపల్లికి నేరుగా మెట్రో ఉంది; ఎల్‌బీ నగర్–అమీర్‌పేట మధ్య అది 2018 సెప్టెంబరు 24న మొదలైంది. కానీ తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో కదిలేది ఉదయం ఆరింటికి, మెట్రో మొదటి రైలు బయల్దేరేదీ ఇంచుమించు అప్పుడే. కాబట్టి తెల్లవారుజామున ఆటో మాట్లాడుకోక తప్పదు. టికెట్ మీద స్టేషన్ పేరు కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం కోసం కొన్ని రైళ్లను అటు మళ్లించారు. చర్లపల్లికి మెట్రో లేదు. అలవాటు కొద్దీ సికింద్రాబాద్ వెళ్లి, రైలు చర్లపల్లిలో ఉందని తెలుసుకుంటే పరుగెత్తినా అందదు.

రైలు కాజీపేట, రామగుండం, మంచిర్యాల, కాగజ్‌నగర్ దాటేదాకా బోగీలో తెలుగు మాటలు వినిపిస్తూనే ఉంటాయి. బల్లార్షా వచ్చేసరికి స్టేషన్ బోర్డు మీద తెలుగు అక్షరాలుండవు. కాజీపేట–బల్లార్షా మార్గం 1929లో పూర్తయ్యాకే మద్రాసు నుంచి ఢిల్లీకి ఈ నేల మీదుగా నేరుగా రైలు దారి ఏర్పడింది. మధ్యాహ్నానికి నాగ్‌పూర్, రాత్రికి భోపాల్, మర్నాడు పొద్దున న్యూఢిల్లీ.

యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య ఇదే దిక్కుగా 1830 మేలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరారు. హైదరాబాద్, నాగ్‌పూర్ మీదుగా వెళ్లి, తిరిగి ఇల్లు చేరడానికి 15 నెలలు పట్టింది. ఆయన వెంట పెద్ద పరివారం, పల్లకీలు ఉన్నాయి. ఇప్పటి కుర్రాడికి హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ ఒక పూట ప్రయాణం. కానీ పక్కన తనవాళ్లెవరూ ఉండరు.

ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ల భయం ఇంకా ఎక్కువ. ఆ భయంతోనే పరీక్ష మానిపించే ముందు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో స్లీపర్ తరగతిలో ఆరు బెర్తులు మహిళల కోటా కింద ఉంటాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లూ, వయసుతో పనిలేకుండా, ఆ కోటాలో బుక్ చేసుకోవచ్చు. 2020 అక్టోబరులో రైల్వే రక్షణ దళం దేశమంతటా మొదలుపెట్టిన 'మేరీ సహేలీ'లో మహిళా సిబ్బంది బయల్దేరే స్టేషన్‌లోనే ఒంటరి ప్రయాణికురాళ్లతో మాట్లాడి, సీటు వివరాలు రాసుకుని, దారిలోని స్టేషన్లకు కబురు పంపుతారు. 1989 నాటి రైల్వే చట్టంలోని 139వ సెక్షన్ ప్రకారం టికెట్ లేదన్న కారణంతోనైనా సరే, తోడుగా మగవాళ్లు లేని స్త్రీని రాత్రిపూట రైలు దించడానికి వీల్లేదు. పగలైనా ఆమె రైలెక్కిన చోటో, జంక్షన్‌లోనో, చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో దించాలి. ఏ ఇబ్బందికైనా ఫోన్ చేయాల్సిన నంబరూ 139 కావడంతో గుర్తుపెట్టుకోవడం సులువు.

ఊరు చేరాక అసలు చిక్కు మొదలవుతుంది. మొదటి షిఫ్టువాళ్లు పొద్దున ఏడున్నరకల్లా కేంద్రం దగ్గరుండాలి. రైళ్లు ఆలస్యం కావడం మామూలే కాబట్టి ముందురోజే దిగడం మంచిది. బ్యాగును పరీక్ష గదిలోకి రానివ్వరు, బయట కాపలా ఉండేవాళ్లూ ఉండరు. స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టాలంటే బ్యాగుకు తాళం, చేతిలో చెల్లే టికెట్ ఉండాలి. బయల్దేరేటప్పుడే చిన్న తాళం ఒకటి కొనుక్కుంటే ఈ తిప్పలు తప్పుతాయి. కాల్ లెటర్ రెండు ప్రింట్లు, అసలు ఆధార్ కార్డు, రెండు పూటలకు పులిహోర, నాలుగు రోజులు నిలవుండే సకినాలు. ఇంతకు మించి మోయక్కర్లేదు.

రైల్వే పరీక్షలో ప్రశ్నపత్రం తెలుగుతో కలిపి 15 భాషల్లో ఉంటుంది. కంప్యూటర్ ముందు కూర్చున్నాక తెలుగు కళ్లెదుట ఉంటుంది, అక్కడిదాకా దారి అడుగుతూ వెళ్లడానికే వేరే భాష కావాలి. మన దగ్గరికి వచ్చేవాళ్లదీ ఇదే పరిస్థితి. మౌలాలి పరీక్ష కేంద్రానికి దారి అడిగే భోజ్‌పురి కుర్రాడికి ఒక నిమిషం ఆగి చెప్పినవాళ్లు మన పిల్లలకు అక్కడ కావలసిన సాయమే ఇక్కడ చేసినట్టు.

పరీక్ష పెట్టేదీ, రైలు నడిపేదీ ఒకే సంస్థ. ఊరి పేరు కనీసం నెల ముందు చెప్పడం, దూరం పంపినప్పుడల్లా 2022లోలా ప్రత్యేక రైళ్లు నడపడం, కాల్ లెటర్ చూపినవాళ్లకు ఆ తేదీల్లో కొన్ని స్లీపర్ బెర్తులు పక్కన పెట్టడం, ఈ మూడూ రైల్వే బోర్డు చేతిలోని పనులే. వచ్చే నోటిఫికేషన్ నుంచైనా అవి అమలు చేయాలి.