ఎం.ఎస్సీ. అయ్యాక ఇంకా ఐదేళ్ళా?

"మీ అమ్మాయి ఇంకా చదువుతూనే ఉందా?" ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయట నిలబడి మాట్లాడుకొనే వేళ కొందరు తలిదండ్రులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. తోటి పిల్లలు ఉద్యోగాలలో చేరారు, పెండ్లిళ్ళు చేసుకున్నారు. మన బిడ్డ మాత్రం పిహెచ్.డి. అంటున్నది. ఏ చదువమ్మా అంటే మాలిక్యులర్ బయాలజీ, సెల్ బయాలజీ అంటుంది. ఆ మాటల అర్థం తెలియక, ఇన్నేళ్ళు ఎందుకు పడుతుందో తెలియక పెద్దలు మౌనంగా ఉండిపోతారు. ఆ చదువేమిటో తెలిసికొంటే అడిగినవారికి జవాబు చెప్పవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, బిడ్డకు అండగా నిలువవచ్చు.

ఏమిటీ శాస్త్రం?

ఇటుకలతో ఇల్లు కట్టినట్లు మన శరీరం కణాలతో కట్టబడింది. వాటి సంఖ్య దాదాపు 30 లక్షల కోట్లు. ఎర్ర రక్తకణాల వంటి కొన్ని తప్ప మిగిలిన ప్రతి కణంలోనూ డి.ఎన్.ఎ. అనే అతి సన్నని దారం చుట్టబడి ఉంది. ఒక్క కణంలోని దారాన్ని సాగదీస్తే సుమారు 2 మీటర్లు వస్తుంది. శరీరం ఎలా పెరగాలో, ఎలా పని చేయాలో ఆ దారం మీద నాలుగే నాలుగు రసాయన అక్షరాలతో వ్రాసి ఉంది. కణం ఆ వ్రాతను ఎలా చదువుకుంటుంది, ఎక్కడ పొరబడుతుంది అని పరిశీలించడమే ఈ శాస్త్రం.

ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది? మన ఏజెన్సీ గ్రామాలలో కనిపించే సికిల్ సెల్ జబ్బునే చూడండి. హీమోగ్లోబిన్‌కు సంబంధించిన జన్యువులో ఒక్క అక్షరం తేడా, అంతే. ఆ తేడా తల్లి నుండీ తండ్రి నుండీ కూడా వస్తే బిడ్డ ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి తిరిగి, సన్నని రక్తనాళాలలో చిక్కుకుంటాయి. నొప్పులు, రక్తహీనత జీవితాంతం బాధిస్తాయి.

మన పొలానికి వచ్చిన మేలు

ఇదంతా పట్నాలవారి చదువు అనుకోవద్దు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరిని, అంటే బి.పి.టి. 5204ను, ఎరుగని రైతు మనలో ఉండడు. బియ్యం సన్నం, అన్నం రుచి. కాని బాక్టీరియా ఎండాకు తెగులును అది తట్టుకోలేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థవారు కలిసి ఈ తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఇతర వరి రకాల నుండి సంకరం ద్వారా సాంబ మసూరిలోకి తెచ్చారు. ప్రతి తరంలోనూ లేత మొక్క ఆకు ముక్క తీసి, డి.ఎన్.ఎ. పరీక్షతో కావలసిన జన్యువులున్న మొక్కలను ఏరుకున్నారు. మూడెందుకంటే, ఒక్క జన్యువైతే బాక్టీరియా దానిని జయించే అవకాశం ఎక్కువ. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. బియ్యం నాణ్యత చెడలేదు. ఇలాంటి ఫలితం ఒక్క ఏడాదిలో రాదు.

ప్రయోగశాలలో ఏమి చేస్తారు?

చేతిపని ఎక్కువ. పిపెట్ అనే పరికరంతో ఒక చుక్కలో యాభయ్యో వంతు ద్రవాన్ని కొలిచి పోయాలి. గాజు పాత్రలో పెంచే మనుష్యుల కణాలను 37 డిగ్రీల వేడిలో ఉంచి, రెండు మూడు రోజులకొకసారి పోషక ద్రవం మార్చాలి. పాడి గేదెకు పండుగ సెలవు లేనట్లే ఈ కణాలకూ లేదు. అందుకే క్రిస్మస్‌కు ఇంటికి వచ్చిన బిడ్డ రెండో రోజే బయలుదేరుతానంటే నొచ్చుకోవద్దు. ఎంత జాగ్రత్తపడినా ఒక్కొక్కసారి బూజు చేరి నెలల శ్రమ పోతుంది.

అన్నీ సరిగా చేసినా తాను ఊహించినది నిజం కాకపోవచ్చు. క్రొత్త ఎరువు పనిచేసిందో లేదో తెలియాలంటే ప్రక్క మడికి వేయకుండా పోల్చి చూస్తాం గదా! అలాగే ప్రతి ప్రయోగానికీ పోలిక ఉండాలి, మళ్ళీ మళ్ళీ చేసి చూడాలి. ఫలితం వచ్చినా రాకపోయినా ఉన్నదున్నట్లు పుస్తకంలో వ్రాయాలి. ఇక్కడ తెలివితేటలకన్నా ఓర్పు, నమ్మకత్వం ఎక్కువ అవసరం.

దారి, ఖర్చు

ఇంటర్‌లో బై.పి.సి., తరువాత బి.ఎస్సీ., ఆపై రెండేళ్ళ ఎం.ఎస్సీ. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ, జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం ఏది చదివినా ఈ దారిలోకి రావచ్చు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్శిటీ ఎం.ఎస్సీ.కి సి.యు.ఇ.టి. వ్రాయాలి. రాష్ట్ర యూనివర్శిటీలకు తెలంగాణలో సి.పి.జి.ఇ.టి., ఆంధ్రలో పి.జి.సి.ఇ.టి. ఉన్నాయి.

ఎం.ఎస్సీ. తరువాత ముఖ్యమైనది సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్ష. జీవశాస్త్రాలకు 200 మార్కులు, 3 గంటలు. తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. ఎం.ఎస్సీ.లో 55 శాతం, ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు 50 శాతం మార్కులు ఉండాలి. ప్రశ్నలు తెలుగులో ఉండవు గనుక తెలుగు మీడియం పిల్లలు బి.ఎస్సీ. నుండే ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు చదవడం అలవాటు చేసుకోవాలి. ఈ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించినవారు సంస్థలలో ఇంటర్వ్యూకు వెళ్ళాలి. సీటు వస్తే, 2023 జనవరి నుండి వర్తించేలా పెంచిన ప్రకారం, మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు మొత్తం ఐదేళ్ళ వరకు ఇస్తారు. పిహెచ్.డి.కి పొలం అమ్మనక్కరలేదు. అయితే ఈ సొమ్ము ఒక్కొక్కసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది. దీనిని నమ్ముకొని ఇంట్లో అప్పులు చేయకూడదు.

పెండ్లి మాట కూడా చెప్పుకోవాలి. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి మామూలు గడువు ఆరేళ్ళు. స్త్రీలకు అదనపు గడువు, ప్రసూతికి, శిశుపోషణకు 240 రోజుల వరకు సెలవు ఉన్నాయి. పెండ్లి కోసం చదువు మానిపించనక్కరలేదు. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ సంగతి అవతలివారికి స్పష్టంగా చెప్పడం మంచిది.

ముందే తెలిసికోవలసినవి

పిహెచ్.డి. అయిన వెంటనే ఉద్యోగం ఖాయం అని చెప్పలేము. ప్రొఫెసరు పోస్టులు తక్కువ. చాలామంది మరికొన్నేళ్ళు ఇక్కడో విదేశాలలోనో పరిశోధన చేస్తారు. కొందరు మందుల, టీకాల కంపెనీలలో చేరుతారు, కొందరు కళాశాలల్లో బోధిస్తారు. ప్రశ్న మీద ఆసక్తి లేకుండా పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవడానికి ఈ దారి పట్టవద్దు. గైడును ఎన్నుకొనే ముందు అక్కడ చదువుతున్న సీనియర్లను అడగాలి: ఆయన విద్యార్థులు ఎన్నేళ్ళలో పూర్తి చేస్తున్నారు? ఆయన వారికి సమయమిస్తారా?

ఓటమికి భయపడే పిల్లలకు యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చెప్పండి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడవసారి గట్టెక్కారు. అమెరికాలో ఆసుపత్రిలో చిన్న పని చేసుకుంటూ చదివారు. ఫాస్ఫరస్‌ను కొలిచేందుకు ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి బయోకెమిస్ట్రీ విద్యార్థులందరికీ తెలుసు. కణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని కనుగొన్నవారిలో ఆయన ఒకరు. హార్వర్డ్‌లో పిహెచ్.డి. వచ్చేసరికి 1930 అయింది, ఆయనకు 35 ఏళ్ళు.

తలిదండ్రులారా, ఫోను చేసినప్పుడు "ఎప్పుడైపోతుంది?" అని అడగడం తగ్గించండి. "ఈ వారం ఏమి చేశావమ్మా?" అని అడగండి. సగం అర్థం కాకపోయినా వినండి. స్వరం వరుసగా నీరసంగా వినిపిస్తే, వెళ్ళి ఒకసారి చూచి రండి. ప్రయోగశాలలో చెడిన పనిని మీరు బాగుచేయలేరు. కాని పని చెడినంత మాత్రాన తన జీవితం చెడిపోలేదని ఆ బిడ్డకు నమ్మకంగా చెప్పగలిగేది ఇంటివారే.