‘కమిట్’ అన్నాము, ‘రోల్‌బ్యాక్’ అన్నది

కంప్యూటర్ తెరపై ‘నమోదైనది’ అన్న మాట కనబడగానే పని పూర్తయినదని మనమందరమూ నమ్ముతాము. ఆ నమ్మకం అన్నివేళలా సరికాదని ఒక షట్‌డౌన్ రాత్రి మాకు తెలిసివచ్చింది.

పంపు మరమ్మతుకు నాలుగు బేరింగులు అవసరమైనవి. అవి ముందురోజే కేంద్ర స్టోర్స్ నుండి ప్లాంటు స్టోర్స్‌కు చేరినవి. లెక్కలలో మాత్రం ఇంకా కేంద్ర స్టోర్స్‌లోనే ఉన్నవి. లెక్కలో లేని సరుకును ఇచ్చేదెవరు? సంగతి తేలేసరికి తెల్లవారింది. నింద స్టోర్స్ గుమాస్తాపై పడింది. నమోదు చేశానని ఆయన ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

డేటాబేస్ చిట్టా తెరిచి చూడగా తప్పు మా విభాగానిదని తేలింది. మేము వాడుతున్నది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. ‘బిగిన్’, కేంద్ర నిల్వలో తగ్గింపు, ప్లాంటు నిల్వలో చేర్పు అనే మూడు ఆదేశాలను సెమీకోలన్లతో కలిపి ఒకే పంక్తిగా పంపి, తరువాత ‘కమిట్’ను విడిగా పంపేవారము. ఆనాడు కొత్త బీరువా సంఖ్య మాస్టర్ పట్టికలో లేనందున మూడవ ఆదేశం తిరస్కరింపబడింది. ఆ దోషసందేశాన్ని మా ప్రోగ్రాము చదువలేదు. యథాప్రకారం ‘కమిట్’ పంపింది. విఫలమైన లావాదేవీలో ‘కమిట్’ అంటే ఈ డేటాబేస్ దోషమని చెప్పదు. అంతా రద్దుచేసి, ‘రోల్‌బ్యాక్’ అని బదులిస్తుంది. ఆ బదులునూ చూడక మా ప్రోగ్రాము ‘నమోదైనది’ అని ప్రకటించింది.

నిజానికి డేటాబేస్ మనకు మేలే చేసింది. తగ్గింపు నిలిచి చేర్పు పోయి ఉంటే నాలుగు బేరింగులు లెక్కలలోనే మాయమయ్యేవి.

అటుపిమ్మట మేము మూడు నియమాలు పెట్టుకున్నాము. ఒకటి, పంక్తిలో ఎక్కడ దోషం వచ్చినా మిగిలిన ఆదేశాలు నడవవు కనుక ప్రతి జవాబునూ చదవాలి. రెండు, దోషం వచ్చిన పిదప ముందుగా ‘రోల్‌బ్యాక్’ పంపాలి. అంతవరకు ఆ కనెక్షన్‌పై ఇతర ఆదేశాలు 25పి02 అన్న సంకేతంతో తిరస్కరింపబడతాయి. అలాగని ప్రతి పంక్తికీ ముందు ‘రోల్‌బ్యాక్’ తగిలించరాదు. సవ్యంగా సాగుతున్న పని కూడా చెరిగిపోవచ్చు. మూడు, విఫలమైన ఆదేశం నుండి కాక, పనిని మొదటినుండి మళ్ళీ చేయాలి. సుదీర్ఘమైన పనులలో 2005 నాటి 8.0 వెర్షన్‌తో వచ్చిన ‘సేవ్‌పాయింట్’ను వాడి, అక్కడివరకే వెనుకకు రావచ్చు.

ప్రోగ్రామును ఒక పూటలో సరిదిద్దాము. ఆ సాయంత్రమే స్టోర్స్‌కు వెళ్ళి, అందరి ఎదుట ఆ గుమాస్తాగారికి క్షమాపణ చెప్పుకున్నాము. యంత్రం చెప్పినదానిని ఆయన నమ్మారు. అది నిజమే చెప్పేటట్లు చూడవలసిన బాధ్యత మాది.